నడవరాని నాయిన, ఆరేండ్ల పాప, స్కీయింగ్ రాని మేమిద్దరం: ఆల్ప్స్‌ల యాడికి పోవాలె?

మర్రిగూడ_మ్యూనిక్:

నమస్తే అందరికి. మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం, మ్యూనిక్‌కు వచ్చి నాలుగేండ్లయితుంది. నేను, నా భార్య, ఆరేండ్ల పాప. ఈ జనవరిల అమ్మ నాయిన మొదటిసారి మా దగ్గరికి వస్తుండ్రు, రెండు నెలలు ఉంటరు. ఇక్కడ చలికాలం వచ్చిందంటె శుక్రవారం మధ్యాహ్నానికే ఆఫీసుల సగం మంది కారు మీద స్కీలు కట్టుకోని పోతరు, సోమవారం పొద్దుగాల కాఫీ మిషన్ కాడ అంతా అదే ముచ్చట. పాప కిండర్‌గార్టెన్ల గూడ దోస్తులందరికి స్కీయింగ్ వచ్చు, రోజు ఇంటికొచ్చి నాకెప్పుడు నేర్పిస్తవ్ డాడీ అని అడుగుతుంది, నాకే రాదు ఇగ దానికేం నేర్పిస్త. ఈసారి ఎట్లయినా పోవాలె అనుకున్నం, అమ్మ నాయిన ఉన్నప్పుడే పోతె వాళ్లు గూడ మంచు గుట్టలు చూసినట్టయితది.

అసలు పరేషాన్ నాయిన గురించి. మా దిక్కు నీళ్ల సంగతి మీకు తెల్సిందే. చిన్నప్పటికెళ్లి బాయి నీళ్లు, బోరు నీళ్లు తాగి పెరిగిండు, కృష్ణా నీళ్లు ఊర్లకు వచ్చేసరికి ఆయనకు యాభై దాటినయ్. ఫ్లోరైడ్ తోని నడుం, మెడ బిగుసుకపోయినయ్, పక్కకు చూడాలంటె మనిషి మొత్తం తిరగాలె. కుడి మోకాలు పూర్తిగ ముడవదు. కట్టె పట్టుకోని చదును నేల మీద అయితె అర కిలోమీటరు దాంక నడుస్తడు. వయసు 64. అమ్మకు బీపీ ఉంది, గోళి వేసుకుంటది, మిగతాదంత మంచిగనే ఉంటది.

దోస్తులు తలా ఒకటి చెప్తుండ్రు. ఒకాయన జుగ్‌స్పిట్జ్ చూపియ్, జర్మనీల అన్నిటికంటె ఎత్తు అంటడు, ఇంకొకాయన ఖర్చయినా స్విట్జర్లాండే పో అంటడు. మా టీంల ఒకతను స్కీ స్కూల్ ఏం వద్దు, పైసలు దండుగ, నాతోని రా రెండు గంటలల్ల నేనే నేర్పిస్త అంటుండు. నా భార్య ఏమో మామయ్య పోలేని కాడికి మనం గూడ వద్దు, ఆయన్ని రూమ్‌ల కూసోబెట్టి మనం జారుకుంట తిరుగుడు ఏం బాగుంటది అంటుంది. ఆ మాట నాకు గూడ మనసుల వడ్డది. అమ్మ నాయిన సుఖంగ ఉండాలె, పాప స్కీయింగ్ మొదలు పెట్టాలె, వీలైతె మేమిద్దరం గూడ నేర్చుకోవాలె, మూడు నాలుగు రోజులు, ట్రైన్‌ల పోయేటట్టు ఉంటె ఇంక మంచిది ఎందుకంటె మంచు రోడ్ల మీద నాకు కారు నడుపుడు అలవాటు లేదు. ఇసుంటి కాడ పోయొచ్చినోళ్లు ఎవరన్న ఉంటె జర చెప్పుండ్రి.

పాలమూరు_ఇన్స్‌బ్రుక్:

తమ్మీ, మాది నారాయణపేట దిక్కు, ఇన్స్‌బ్రుక్‌ల తొమ్మిదేండ్ల నుంచి ఉంటున్న. మా అత్తమ్మ మామయ్య రెండుసార్లు చలికాలంల వచ్చిపోయిండ్రు కాబట్టి నువ్వు అడిగిందంత నేను చేసి చూసిన్నే. నీ భార్య చెప్పిన మాట పట్టుకో. స్కీయింగ్ చేసేటోళ్లను బట్టి కాదు, చెయ్యనోళ్లను బట్టి ఊరు ఎంచుకోవాలె. స్కీ స్కూల్, చిన్న వాలు యాడ చూసినా ఉంటయ్. ముసలోళ్లు జారిపడకుండ నడిచే చదును బాట, కూసునే జాగ, ఇంటికి స్టేషన్ దగ్గర ఉండుడు, ఇవి అన్ని కాడ దొరకవు.

నన్నడిగితె జేఫెల్డ్ పో. ఆస్ట్రియాల టిరోల్ రాష్ట్రంల ఉంటది, మ్యూనిక్‌కెళ్లి గార్మిష్, మిట్టెన్‌వాల్డ్ మీదికెళ్లి ఇన్స్‌బ్రుక్ పోయే రైలు లైను మీదనే, రెండు గంటల పైన వడ్తది. ఊరు 1200 మీటర్ల ఎత్తుల ఉంటది గానీ గుట్ట కొస మీద కాదు, పెద్ద మైదానం లెక్క చదునుగ ఉంటది, చుట్టూత గుట్టలు. అందుకే అది చదును నేల మీద చేసే లాంగ్లౌఫ్ స్కీయింగ్‌కు పేరువడ్డది. 1964ల, 1976ల ఇన్స్‌బ్రుక్ ఒలింపిక్స్ అయినప్పుడు ఆ పోటీలు ఇక్కడనే పెట్టిండ్రు, 2019ల వరల్డ్ చాంపియన్‌షిప్ గూడ ఇక్కడనే. చలికాలంల నడిచే బాటలు వేరేగ ఉంటయ్, మిషన్ తోని మంచు ఒత్తి చదును చేస్తరు. స్టేషన్ దిగంగనే ఊరు నడుమ, హోటళ్లు, దుకాణాలు అన్ని అక్కడనే. గుర్రపు బండ్లు ఉంటయ్, రగ్గు కప్పి ఊరు చుట్టూ తిప్పుతరు, మా మామయ్య రెండోసారి వచ్చినప్పుడు దాని కోసమే మల్ల పోదాం అన్నడు.

పాపకు, మీకు గైగెన్‌బ్యూల్ అని ఊరి పక్కనే చిన్న వాలు ఉంది. అమ్మ నాయిన కింద నిలవడి పాపను చూడొచ్చు, అదే ముఖ్యం. పెద్ద రిసార్టుల్ల ఏమయితదంటె నేర్చుకునే జాగ గూడ పైన ఉంటది, గోండోలా, అంటె ఇనుప తాడుకు వేలాడుకుంట పోయే డబ్బా, అది ఎక్కి పోవాలె, మీరు పొద్దుగాల పోతె సాయంత్రం నాలుగింటికి గానీ దిగరు, అప్పటిదాంక ముసలోళ్లు రూమ్‌ల కిటికీల నుంచి చూసుకుంట కూసోవాలె. మొదటిసారి మేం చేసిన తప్పు అదే, అత్తమ్మ నాలుగు రోజులు ఒక్క మాట అనలే, ఇంటికి వచ్చినంక "నాకు అక్కడ పొద్దు పోలేదు బిడ్డా" అన్నది, నాకు ఇప్పటికీ అది గుర్తొస్తె బాధైతది.

జనవరి నడుమల పో, మన సంక్రాంతి టైంల. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాంక, మల్ల ఫిబ్రవరిల కార్నివల్ సెలవులప్పుడు జర్మనీ, హాలండ్ నుంచి జనం ఎగవడ్తరు, రేట్లు చూస్తె కండ్లు తిరుగుతయ్. ఆ రెండిటి నడుమ రెండు మూడు వారాలు ఖాళీ ఉంటది. పాప ఇంక కిండర్‌గార్టెన్లనే ఉంది కదా, వచ్చే సంవత్సరం బడి మొదలైతె ఇట్ల మామూలు రోజులల్ల తీస్కపోనియ్యరు. స్కీ స్కూల్ గ్రూప్ క్లాసులు చానా కాడ ఆదివారం లేకుంటె సోమవారం మొదలైతయ్, నువ్వు గురువారం పోయి చేర్చుకో అంటె నడవది, ముందే ఫోన్ చేసి అడుగు. హోటల్ కాదు, వంటిల్లు ఉన్న అపార్ట్‌మెంట్ తీస్కో. చిన్న కుక్కర్ పట్టుకపో, ఆ ఎత్తుల నీళ్లు 96 డిగ్రీలకే మరుగుతయ్ కాబట్టి ఉత్త గిన్నెల కందిపప్పు తొందరగ ఉడకది.

బట్టల గురించి. కాటన్ బనీను, జీన్స్ అస్సలు వద్దు. చెమటకు, మంచుకు తడుస్తది, ఆరది, ఒంటికి అతుక్కోని ఇగం పట్టిస్తది. మా దిక్కు గొర్లు కాసేటోళ్లు వానాకాలంల గొంగడి ఎందుకు కప్పుకుంటరు, ఉన్ని తడిసినా వేడి పట్టి ఉంచుతది కాబట్టే కదా. మా తాత గొంగడి వాన నీళ్లు కారుకుంట గూడ లోపల ఎచ్చగ ఉంటుండె. ఇక్కడ మెరీనో అని అమ్మేది గూడ గొర్రె ఉన్నే, సన్నగ ఉంటది అంతే. ఒంటికి అది, దాని మీద ఫ్లీస్, దాని మీద గాలి నీళ్లు ఆగే జాకెట్. చేతులకు వేళ్లు విడివిడిగ ఉండే గ్లౌజుల కంటె అన్ని వేళ్లు ఒక్కటే సంచిల ఉండే మిట్టెన్స్ ఎచ్చగ ఉంటయ్.

అమ్మ చీర కడ్తదా? మా అత్తమ్మ మొదటి రోజు ఎంత చెప్పినా వినకుండ చీరల్నే వచ్చింది. కుచ్చిళ్లు మంచుల తడిసి, అరగంటకు గడ్డకట్టి అట్టముక్క లెక్క గట్టిగ అయినయ్, నడుస్తుంటె కాలి మడమకు కొట్టుకోని టక్ టక్ చప్పుడు. రెండో రోజు లోపల థర్మల్, దాని మీద మంచు ప్యాంటు, ఆ మీద చీర మడమ పైకి ఎత్తి కట్టుకున్నది, ఇగ ఏం కాలేదు. నువ్వు ప్యాంటు వేస్కో అంటె వేస్కోరు, చీర కింద వేస్కో అంటె వింటరు.

జడ్చర్ల_జ్యూరిక్:

అక్క చెప్పింది మంచిగనే ఉంది గానీ, వాళ్లు మల్లమల్ల వస్తరా? ఒక్కసారి వచ్చినోళ్లకు పెద్ద గుట్ట చూపియ్యాలె అని నాకనిపిస్తది. మా అమ్మ నాయిన వచ్చినప్పుడు స్విట్జర్లాండ్‌ల ఎంగెల్‌బెర్గ్ ఊరికెళ్లి టిట్లిస్ గుట్ట మీదికి పోయినం, పైన కేబుల్ కార్ పోయేటప్పుడు దాని అంతట అది గుండ్రంగ తిరుగుతది, మూడు వేల మీటర్ల పైన దింపుతది, కూసున్న కాడికే అంత కనవడ్తది. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అయితె ఇంక పైన, 3454 మీటర్లు, రైలే గుట్ట లోపలికెళ్లి సొరంగంల పోతది, 1912ల పూర్తి చేసిండ్రు ఆ లైను. మెట్లు ఎక్కే పని తక్కువ, లిఫ్టులు ఉంటయ్. జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా తోనే స్విట్జర్లాండ్ రావొచ్చు, వేరే వీసా అక్కర లేదు. ఖర్చు మాత్రం చానా అయితది, అది దాచేది లేదు.

మర్రిగూడ_మ్యూనిక్:

అన్నా, నాకు గూడ అదే ఆశ. ఒక్కసారే వస్తరు, ఆ తెల్లటి గుట్ట కొస మీద నాయినను నిలవెట్టి ఫోటో తీయాలె అని. అక్కా, జేఫెల్డ్ పేరే నేను ఇన్లే ఇప్పటిదాంక, చూస్త. చీర ముచ్చట మా ఇంటామెకు చూపించిన, ముందే ప్యాంట్లు కొనుక్కొస్త అన్నది.

ఫిజియో_నల్లగొండ:

నేను నల్లగొండ టౌన్‌ల ఫిజియోథెరపీ చేస్త. మంచు గుట్టల గురించి నాకు తెలిసింది తక్కువ గానీ మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు నుంచి వచ్చే మోకాళ్లు, నడుములు రోజు చూస్త కాబట్టి ఈ మాట చెప్పాలె. ఫ్లోరోసిస్ ఉన్న ఎముక ఎక్స్‌రేల తెల్లగ, గట్టిగ కనవడ్తది గానీ పెళుసుగ ఉంటది. కీళ్ల చుట్టూ ఉండే లిగమెంట్లు గూడ బిగుసుకోని ఎముక లెక్క అయితయ్. మామూలు మనిషి జారితె చెయ్యి పెట్టి, ఒళ్లు వంచి కాచుకుంటడు, మీ నాయిన వంగలేడు, కట్టె పడ్డట్టు పడ్తడు. అంతకంటె పెద్ద సంగతి, కొందరికి వెన్నుపూస లోపలి సందు ఇరుకైతది, వెన్నుపాము మీద ఒత్తిడి ఉంటది. అసుంటోళ్లకు గట్టిగ ఒక్క కుదుపు తగిలినా కాళ్ల బలం పోవచ్చు. కాబట్టి స్లెడ్జి, అంటె మంచు మీద జారే చక్రాలు లేని బండి, దాని మీద కూసోబెట్టి జారిచ్చుడు సరదాకు గూడ వద్దు. మనవరాలు తాతా రా అని గుంజుతది, అప్పుడే పైలం.

వచ్చే ముందు ఒకసారి డాక్టర్‌కు చూపించి కాళ్లల్ల తిమ్మిర్లు, నడకల తేడా ఏమన్న ఉన్నదా అడుగుండ్రి. బూట్లకు కింద తొడిగే రబ్బరు పట్టీలు దొరుకుతయ్, ఇనుప పండ్లు ఉంటయ్ వాటికి, మా చుట్టాలు కెనడాల అవే వాడుతరు. కట్టెకు గూడ కింద ఇనుప మొన పెట్టించుండ్రి, రబ్బరు బుడిప తోని అయితె మంచు మీద కట్టెనే ముందు జారుతది. బిగుసుకపోయిన కీళ్లు చలికి ఇంక బిగుస్తయ్, పొద్దుగాల బయటికి పోయే ముందు వేడి నీళ్లతోని స్నానం చేయించి పది నిమిషాలు ఇంట్లనే నడిపించుండ్రి. అమ్మకు గూడ, చలికి రక్తనాళాలు ముడుచుకుంటయ్, బీపీ పెరుగుతది, గోళి ఒక్క పూట గూడ తప్పొద్దు.

జడ్చర్ల_జ్యూరిక్:

ఫిజియో అన్న చెప్పింది చదివినంక నా మాట వెనక్కి తీస్కుంటున్న. మా నాయినకు కీళ్ల బాధ ఏం లేకుండె, ఇద్దరిని ఒక్క తీరుగ చూసిన నేను. ఇంకోటి గూడ చెప్పాలె, మూడు వేల మీటర్ల మీద గాలి ఒత్తిడి కింది కంటె దాదాపు 30 శాతం తక్కువ ఉంటది. టిట్లిస్ పైన మా అమ్మ పది అడుగులు నడిచి కూసున్నది, తల తిరుగుతుంది అన్నది, వెంటనే కిందికి దింపినం, కింద దిగంగనే మంచిగయింది. బీపీ ఉన్నోళ్లను డాక్టర్‌ను అడగకుండ అంత ఎత్తు తీస్కపోవద్దు. జుగ్‌స్పిట్జ్ గూడ 2962 మీటర్లు, ఐబ్‌జే చెరువు కాడికెళ్లి కేబుల్ కార్ పది నిమిషాలల్ల దాదాపు రెండు వేల మీటర్లు పైకి లేపుతది, ఒంటికి సర్దుకునే టైం ఉండది. గుట్టను పైన నిలవడి చూసుడు కంటె కిందికెళ్లి చూస్తెనే గుట్ట లెక్క కనవడ్తది, అది గూడ నిజమే.

దేవరకొండ_స్టుట్‌గార్ట్:

మీ టీం అతను రెండు గంటలల్ల నేర్పిస్త అన్నడు చూడు, నేను ఆ మాట విని మోకాలు పోగొట్టుకున్న కాబట్టి నాకు తెల్సినంత రాస్త, జర పెద్దగైతది ఏమనుకోకు.

నాలుగేండ్ల కింద నలుగురు దోస్తులతోని ఆస్ట్రియా పోయినం, ఊరు పేరు అక్కర లేదు. వాళ్లకు వచ్చు, నాకు రాదు. కిరాయి దుకాణంల బైండింగ్ పెట్టేటప్పుడు, అంటె బూటును స్కీకి పట్టి ఉంచే క్లిప్పు, బరువు ఎంత, ఎత్తు ఎంత, స్కీయింగ్ ఎంత వచ్చు అని అడుగుతరు, దాన్ని బట్టి ఎంత గట్టిగ పట్టుకోవాలెనో బిగిస్తరు. నేను సిగ్గుపడి కొద్దిగ వచ్చు అన్న. అది చెయ్యకూడని పని. కొత్తోనికి క్లిప్పు తొందరగ ఊడేటట్టు పెడ్తరు, పడ్డప్పుడు స్కీ ఊడిపోవాలె, లేకుంటె పొడుగు స్కీ తిరిగినప్పుడల్ల మోకాలు దానితోని తిరుగుతది. దోస్తులు ఒక గంట కింద చూపించి, నీకు వచ్చేసింది పద అని గోండోలా ఎక్కిచ్చిండ్రు. పైన దిగితె అక్కడికెళ్లి కిందికి ఎర్ర బాట ఒక్కటే ఉన్నది. ఆస్ట్రియాల నీలం సులువు, ఎర్ర నడిమిది, నల్లది కష్టం, ఫ్రాన్స్‌ల అయితె నీలం కంటె సులువుది ఆకుపచ్చ గూడ ఉంటది. అది గూడ నాకు తెల్వది అప్పుడు. మబ్బు పట్టి ఆకాశం, నేల ఒక్కటే తెలుపు, వాలు యాడ మొదలయితదో యాడ ఆగుతదో కనవడ్తలేదు. వేగం అందుకున్న, ఆపుడు రాలే, ఎడమ స్కీ మంచుల దిగవడ్డది, నేను ముందుకు పడ్డ, స్కీ ఊడలే. మోకాలి లోపల కట్టె ఇరిగినట్టు చప్పుడు నాకే ఇనపడ్డది. ముందటి లిగమెంట్ తెగింది, ఏసీఎల్ అంటరు కదా అది.

హెలికాప్టర్ వచ్చింది. మంచి మనుషులు, మంచిగ చూసుకున్నరు, దాని మీద నాకేం కోపం లేదు. బిల్లు తర్వాత వచ్చింది. జర్మనీ సర్కారు హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు ఆస్ట్రియాల సర్కారు రేటుకు డాక్టర్ ఖర్చు పెడ్తది గానీ గుట్ట మీదికెళ్లి హెలికాప్టర్‌ల తెచ్చుడు దాంట్ల రాదు, స్కీ ఊర్లల్ల చానా క్లినిక్‌లు ప్రైవేటువే. నాకు ఆ ఒక్క రోజుకు వేల యూరోలు కట్టాల్సొచ్చింది. కాబట్టి పోయే ముందు చలికాలం ఆటలు, గుట్ట మీది రెస్క్యూ, రెండూ రాసి ఉన్న ఇన్సూరెన్స్ తీస్కో. ఆస్ట్రియా ఆల్పైన్ క్లబ్, ఆల్పెన్‌ఫెరైన్ అంటరు, దాంట్ల మెంబర్ అయితె రెస్క్యూ ఇన్సూరెన్స్ దానితోనే వస్తది, నేను ఇప్పుడు అదే కడ్తున్న. అమ్మ నాయినకు వీసా కోసం తీసుకునే 30,000 యూరోల పాలసీ ఉంటది కదా, పాత జబ్బులకు చానా పాలసీలు పైసలియ్యవు, ఒక్కసారి లోపల మొత్తం చదువు. ఇటలీ దిక్కు పోతె మన వల్ల వేరేటోళ్లకు దెబ్బ తాకితె కట్టే లయబిలిటీ ఇన్సూరెన్స్ 2022 నుంచి తప్పనిసరి, హెల్మెట్ గూడ ఇప్పుడు పెద్దోళ్లకు సుత తప్పనిసరి చేసిండ్రు. ఆస్ట్రియాల చట్టం ఏమున్నా నువ్వు మాత్రం అందరికి హెల్మెట్ పెట్టు.

ఫోన్‌ల 112 కాకుండ 140 గూడ పెట్టుకో, ఆస్ట్రియా గుట్టల రెస్క్యూది. స్విట్జర్లాండ్‌ల అయితె 1414.

ఇంకొకటి, నువ్వు, మీ ఇంటామె మొదటి రోజు లిఫ్ట్ పాస్ పెద్దది కొనకుండ్రి. పెద్ద రిసార్టుల్ల ఒక్క రోజు పాసే 70 యూరోలు దాటుతది, కొత్తోళ్లకు మొదటి రెండు రోజులు కన్వేయర్ బెల్ట్ లెక్క కిందికెళ్లి పైకి తీస్కపోయే మ్యాజిక్ కార్పెట్ చాలు. స్కూల్ల చేరుండ్రి. ముందుగాల పడుడు, లేసుడు, ఆగుడు నేర్పిస్తరు. స్కీల ముందటి మొనలు దగ్గరికి, వెనక కొసలు దూరం చేసి త్రికోణం లెక్క పెడితె ఆగుతది, పిల్లలకు పిజ్జా అని చెప్తరు, రెండు స్కీలు సమానంగ పెడితె పొమ్మెస్, అంటె ఆలుగడ్డ ఫ్రెంచ్ ఫ్రైస్. మీ పాపకు ఒక్క పూటల వస్తది, మీకు రెండు రోజులు పట్టినా ఏం బాధపడొద్దు.

బూట్లల్ల ఒక్క జత సాక్స్ మాత్రమే, సన్నయి. చలి అని రెండు జతలు వేస్తె కాలు బిగిసి రక్తం ఆడక ఇంక చల్లవడ్తది.

మర్రిగూడ_మ్యూనిక్:

అన్నా, ఇప్పుడు నడుస్తున్నవా మంచిగ? మా టీం అతనికి నేను స్కూల్లనే నేర్చుకుంట అని చెప్పిన ఇయ్యాలనే. జేఫెల్డ్‌ల స్టేషన్‌కు దగ్గరల అపార్ట్‌మెంట్ చూసిన, కింది అంతస్తు, జనవరి 18 నుంచి నాలుగు రాత్రులు. పాపకు స్కీ స్కూల్ బుక్ చేసిన, మేమిద్దరం గూడ పొద్దటి పూట క్లాసుకు, అమ్మ నాయిన కింద బెంచీ మీద ఉంటరు. అక్కా, నాయినను ఒక్కసారన్న గోండోలా ఎక్కిచ్చుడు అయితదా? చెయిర్ లిఫ్ట్ అయితె కాదు అని నాకు సుత సమజైంది, అది ఆగకుండ వస్తది, మోకాలు ముడవకుండ దాంట్ల కూసునుడు కాదు.

పాలమూరు_ఇన్స్‌బ్రుక్:

చెయిర్ లిఫ్ట్ వద్దే వద్దు. ఊరి పక్క గుట్ట మీద రాస్‌హ్యూటె అని ఒక జాగ ఉంది, దానికి ఊర్లకెళ్లి పట్టాల మీద పోయే బండి ఉన్నది, 1760 మీటర్ల దాంక పోతది, లోపల మెట్లు ఉంటయ్ కాబట్టి కింది తలుపు కాడి జాగ అడుగు. ఎక్కే కాడ మనిషికి చెయ్యి ఊపి నాయినను చూపియ్, వాళ్లు ఆగుతరు, తొందర పెట్టరు, గోండోలాలు గూడ అడిగితె స్లో చేస్తరు. పైన రెస్టారెంట్ బయట ఎండల కుర్చీలు వేసి ఉంటయ్, అక్కడనే కూసోవాలె, బాట మీదికి పోవొద్దు. స్కీయింగ్ చేసేటప్పుడు కింద ఉన్నోనికి దారియ్యాల్సింది పైకెళ్లి వచ్చేటోడే, అది రూల్. అయినా నాయిన మెడ తిప్పి వెనక చూడలేడు కదా, వచ్చేటోనికి ఆయన సంగతి తెల్వది. నల్ల అద్దాలు తప్పకుండ పెట్టుండ్రి, కొత్త మంచు ఎండను తిరిగి మొఖం మీదికే కొడ్తది, ముక్కు కింద, గదువ కింద గూడ సన్‌స్క్రీన్ రాయాలె. చివరి బండి టైం చూసుకోని అరగంట ముందే దిగుండ్రి. పొద్దుగూకినంక స్కీ బాటలు బంద్ చేస్తరు, మంచు ఒత్తే మిషన్లు ఇనుప తాళ్లు కట్టుకోని తిరుగుతయ్, చీకట్ల ఆ తాళ్లు కనవడవు, నడిచి దిగుదాం అనే ఆలోచన అస్సలు పెట్టుకోకు.

దేవరకొండ_స్టుట్‌గార్ట్:

నడుస్తున్న తమ్మీ, ఆపరేషన్ అయినంక తొమ్మిది నెలలు పట్టింది. పోయినేడు మల్ల మొదటికెళ్లి స్కూల్ల చేరిన, నా పక్కన అయిదేండ్ల పిల్లలుండ్రి. ఇప్పుడు నీలం బాట మంచిగ దిగుత.

మర్రిగూడ_మ్యూనిక్:

అందరికి దండాలు, పోయొచ్చినం. ఎట్లయిందో రాయకపోతె తప్పైతది.

మొదటి రోజు మంచు పడుతనే ఉండె, నాయిన ఇంట్లనే ఉన్నడు. రెండో రోజు ఎండ వచ్చింది. బూట్లకు ఇనుప పండ్ల పట్టీ తొడిగి, కట్టెకు మొన పెట్టిచ్చి బాట మీదికి తీస్కపోయినం, మొదటి పది అడుగులు నా భుజం వదల్లే, తర్వాత చెయ్యి తీసేసిండు. గైగెన్‌బ్యూల్ కాడ బెంచీ మీద మందం దిండు ఏసుకోని గంటన్నర కూసున్నడు. పాప మ్యాజిక్ కార్పెట్ మీద పైకి పోయినప్పుడల్ల చెయ్యి ఊపుతది, ఈయన కట్టె ఎత్తుతడు. అది పడ్డది, లేసింది, పడ్డది, లేసింది, మూడో రోజుకు మమ్ముల దాటిపోయింది. మా ఇంటామెకు నాకంటె ముందు ఆగుడు వచ్చింది. అమ్మ ప్యాంటు మీద చీర కట్టుకున్నది, ఒక ఆస్ట్రియా ముసలామె వచ్చి చీర అంచు పట్టుకోని చూసి ఏదో అన్నది, అమ్మ తెలుగుల జవాబిచ్చింది, ఇద్దరు చానాసేపు మాట్లాడుకున్నరు. గుర్రపు బండి ఎక్కెటప్పుడు మెట్టు ఎత్తున్నదని నేను బుగులు పడ్డ, బండాయన చెక్క పీట తెచ్చి ఏసిండు.

రాస్‌హ్యూటె పైన కుర్చీల కూసున్నంక నాయిన ఒక్కటే అడిగిండు, ఈ మంచంత కరిగితె నీళ్లు యాడికి పోతయ్ రా అని. ఉత్తరం దిక్కు వాలు నీళ్లు షార్నిట్జ్ కాడ ఇజార్ నదిల కలుస్తయ్, అదే మా మ్యూనిక్ నడుమకెళ్లి పారుతది అని చెప్పిన. మల్ల ఇంట్ల నల్లా నీళ్లు అవేనా అన్నడు. అవి కావు, ఈ గుట్టల కిందనే మాంగ్‌ఫాల్ లోయ, లోయిజాఖ్ లోయ అని ఉన్నయ్, అక్కడి ఊట నీళ్లు, నేలల నీళ్లు పైపులల్ల వస్తయ్, మాంగ్‌ఫాల్‌కెళ్లి 1883 నుంచి తెస్తుండ్రు అని చెప్పిన. చానాసేపు గుట్టల దిక్కు చూసుకుంట కూసున్నడు. ఆ రాత్రి అపార్ట్‌మెంట్ల నల్లా కాడికి పోయి గిలాస పట్టుకోని వరుసగ రెండు గిలాసలు తాగిండు.

ఒక్కటే మనసుకు పట్టింది, పాప బూట్లు. కిరాయికి ఇచ్చినయ్ కొంచెం పెద్దగుండె, పిక్క కాడ ఒరుసుకోని ఎర్రగయింది, అది మాకు చెప్పకుండ రెండు రోజులు అట్లనే స్కీయింగ్ చేసింది. మార్చిల మల్ల పోతం. అక్కా, పాపకు సొంత బూట్లు కొనాలెనా?

పాలమూరు_ఇన్స్‌బ్రుక్:

చదువుకుంట ఉంటె కండ్లల్ల నీళ్లొచ్చినయ్ తమ్మీ. బూట్లు కొనకు, ఆరేండ్ల పిల్ల కాలు ఏడాదికి మారిపోతది. మ్యూనిక్‌ల దుకాణాలు స్కీలు, బూట్లు సీజన్ మొత్తానికి కిరాయికి ఇస్తయ్, చిన్నగైతె నడుమల మార్చి ఇస్తరు. కొలిచేటప్పుడు బూటు లోపలి మెత్త బయటికి తీపిచ్చి దాంట్ల పాప కాలు పెట్టి చూడు, మడమ వెనకకు ఆనాలె, ముందట వేలెడు సందు ఉంటె చాలు. ఇంట్ల ఒక పావుగంట తొడిగిచ్చి నడిపియ్, పిక్క కాడ ఏమన్న అయితుందా అని అడుగు, లేదు అన్నా గూడ సాక్సు తీసి చూడు.